ఎనిమిది దినములు

మా యింటి యామెకు కుడిరొమ్మున చిన్న గడ్డ కనబడినది. సూదితో ముక్క తీసి పరీక్షకు బంపిరి. ఫలితమునకు ఎనిమిది దినములు పట్టుననిరి. ఆ దినములలో మేము తరగతిలో విభక్తులు చెప్పుచు తప్పితిమి. ఆమె మాత్రము కొత్త చింతపండు గింజ తీసి, ఉప్పుచేర్చి, జాడీల కెత్తినది.

దిగులుపడినప్పుడు చదువుట మాకు వ్యసనము. ఫానీ బర్నీ యను ఆంగ్ల నవలాకర్త్రికి 1811లో పారిసునందు, స్పృహలోనుండగనే, స్తనము తొలగించిరి. ఆమె 1840 వరకు జీవించెను. అమెరికాలో హాల్‌స్టెడ్ వైద్యుడు 1894లో ఛాతికండరములతోగూడ కోసివేయు పద్ధతిని ప్రకటించెను. అదియే చిరకాలము శాస్త్రమై నిలిచినది. 1985లో ఫిషర్ బృందము, నాలుగు సెంటీమీటర్లకు మించని గడ్డలయందు గడ్డను మాత్రము తీసి కిరణచికిత్స చేసినను ఆయుర్దాయమున భేదము లేదని చూపెను. ఇరువదేండ్ల పరిశీలన 2002లో దానినే స్థిరపరచెను.

ఫలితము వచ్చెను, రాచపుండే. గడ్డ చిన్నది గనుక రెండు మార్గములును గలవని చెప్పి, శస్త్రవైద్యుడు ఆమె యెదుటనే మమ్ము జూచి, "పూర్తిగా తీసివేయుదమా, ఉంచుదమా?" యని యడిగెను. స్త్రీస్వాతంత్ర్యముపై ఎన్నియో యుపన్యాసములిచ్చిన మేము, సిగ్గుతో చెప్పుచున్నాము, బదులు చెప్ప నోరు తెరచితిమి.

"ఉండండి. ఆ కిరణాలకు ఎన్నాళ్లు రావాలో ముందు నన్ను కనుక్కోనివ్వండి," అన్నది ఆమె.

వైద్యుడు కుర్చీని ఆమెవైపు త్రిప్పుకొనెను. మేము ఆమె సంచి ఒడిలో బెట్టుకొని వినుచు కూర్చుంటిమి.