చీటీ లేని చోటు

ఈ దేశం వచ్చిన కొత్తలో పటం చూసినప్పుడల్లా నా కన్ను ఆకుపచ్చగా పరుచుకున్న నేషనల్ ఫారెస్టుల మీదికే పోయేది. మొత్తం 154 ఉన్నాయి. వాటితో పాటు ఉన్న గడ్డిభూములను కూడా కలుపుకుంటే దాదాపు 19 కోట్ల 30 లక్షల ఎకరాలు. 1905లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వీసు వీటి ఆలనా పాలనా చూస్తుంది. అది వ్యవసాయ శాఖ కింద ఉండడం మరో వింత. ఇక్కడివారి లెక్కలో చెట్టు కూడా ఒక పంటేనన్న మాట! కలప కొట్టడానికీ, పశువులను మేపడానికీ అనుమతి పత్రాలు కావాలి. కాని మట్టిదారి పక్కన, ఇదివరకే ఎవరో దిగిన జాడ ఉన్నచోట, డేరా వేసుకుని పడుకోవడానికి చాలా అడవుల్లో ఏ చీటీ అక్కరలేదు. రుసుమూ లేదు. సాధారణంగా 14 రోజుల దాకా కదలమనేవారు ఉండరు.

ఉచితం అనగానే ఏదో ధర్మసత్రం అనుకునేరు. కుళాయి, బల్ల, దీపం, చెత్తకుండీ, మరుగుదొడ్డి... ఏదీ ఉండదు. మనిషికి రోజుకు ఒక గాలనుకు తక్కువ కాకుండా నీళ్ళు మోసుకుపోవాలి. తీసుకెళ్ళిన ప్రతి వస్తువూ, తొక్కా తోలూ సహా, తిరిగి తెచ్చుకోవాలి. కాలకృత్యాలకు చిన్న పార పట్టుకుని, నీటికీ దారికీ డేరాకూ 200 అడుగులు ఎడంగా నడిచి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గుంట తవ్వి, పని కాగానే పూడ్చాలి. ఈ నియమాలన్నీ శ్రద్ధగా వివరిస్తుంటే మా నాన్న నవ్వారు. "ఇది నేర్పడానికా నన్ను విమానం ఎక్కించావు? నలభై ఏళ్ళు చెంబు పట్టుకుని పోయినవాణ్ణి రా!" అన్నారు.

నాన్న 2022 జూలైలో మా దగ్గరకు వచ్చారు. అమ్మ పోయాక అదే మొదటి రాక. ఫీనిక్సు ఎండకు బయట కాలు పెట్టే వీలు లేక, రెండు నెలలు కిటికీ పక్కన కుర్చీలో గడిపారు. టీవీ పెడితే చూసేవారు, కట్టేస్తే ఊరుకునేవారు. ఆ మౌనం చూడలేక, సెప్టెంబరు చివర మహాలయ అమావాస్యకు ముందురోజు, ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గరి కొకొనినో అడవికి తీసుకెళ్ళాను. ఏడు వేల అడుగుల ఎత్తు, చుట్టూ పాండెరోసా దేవదారులు. ఎండకు కాగిన బెరడు దగ్గర ముక్కు పెడితే వెనిల్లా వాసన! మా అమ్మాయి తాతయ్యను చెట్టు చెట్టుకూ తిప్పి వాసన చూపించింది.

డేరా వేస్తున్నంతసేపూ నాన్న దారివైపే చూస్తున్నారు. "చీటీ ఎక్కడ రాయించావు?" అన్నారు. అక్కరలేదన్నాను. కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న.

ఆ ప్రశ్న ఎక్కడిదో నాకు తెలుసు. మాది మార్కాపురం అవతల, నల్లమలను ఆనుకున్న ఊరు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక, తరతరాలుగా మేతకూ వంటచెరకుకూ వెళ్ళిన అడవికి సరిహద్దు రాళ్ళు పడ్డాయి. ఆ చట్టమే మన్యంలో పోడును అడ్డుకుని, 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణమయింది. మా ఊళ్ళో తిరుగుబాట్లేమీ జరగలేదు. ఆవులు రాయి దాటితే కాపలావాడు బందెలదొడ్డికి తోలేవాడు, అంతే. వాటిని విడిపించుకోవడానికి వెళ్ళినప్పుడు తాత భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని నిలబడడం నాన్న చిన్నప్పుడు చూశారు. అది మాకు ఒక్కసారే చెప్పారు.

రాత్రి చిన్న నెగడు వేశాం. ఆ ఏడాది వేసవిలో పెట్టిన నిప్పు నిషేధం వానలు పడ్డాక ఎత్తేశారు. నిషేధం ఎందుకో ఆ ఊరివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 2010 జూన్‌లో ఎవరో ఆర్పకుండా వదిలేసిన నెగడు వల్ల 15 వేల ఎకరాలు కాలిపోయాయి. మరుసటి నెల వానకు, చెట్టు లేని ఆ కొండల నుంచి వరద వచ్చి పన్నెండేళ్ళ పాపను తీసుకుపోయింది. 2022 జూన్‌లో ఇలాగే దిగిన ఒక మనిషి, వాడిన టాయిలెట్ కాగితాన్ని పూడ్చడానికి బదులు తగలబెట్టాడు. 26 వేల ఎకరాలు పోయాయి. ఇదంతా విని నాన్న రెండు పుల్లలు వెనక్కి తీసి పక్కన పెట్టారు.

పాలపుంత నడినెత్తిన ఉంది. తూర్పున గురుడు దీపంలా వెలుగుతున్నాడు. 59 ఏళ్ళలో భూమికి అంత దగ్గరగా రాలేదట. తొమ్మిది దాటాక పిల్లలకోడి పైకి వచ్చింది. నాన్న ఒక్కొక్కటీ పేరు పెట్టి మనవరాలికి చూపించారు. రెండు నెలల్లో ఆయన అంతసేపు మాట్లాడడం అదే మొదలు.

"ముందు ఇదంతా ఎవరిది?" అని అడిగారు. మాకు ఎదురుగా చీకట్లో ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో శిఖరాల గురించి చెప్పాను. నవాహోలకు అది పడమటి దిక్కు పవిత్ర పర్వతం. హోపీలకు వానను తెచ్చే కాచీనాల నివాసం. ఆ కొండ మీది మంచు ఆటల స్థలంలో, శుద్ధి చేసిన మురుగునీటితో కృత్రిమ మంచు కురిపించడానికి అనుమతి ఇచ్చినప్పుడు ఆ తెగలవారు కోర్టుకు వెళ్ళి, 2008లో అప్పీళ్ళ కోర్టులో ఓడిపోయారు. 2012 నుంచి ఆ మంచు కురుస్తోంది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఇక్కడా రాళ్ళు పాతారన్న మాట" అన్నారు చివరికి.

తెల్లవారాక సామాను సర్దుతుండగా ఆకుపచ్చ గీతల తెల్ల ట్రక్కు ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి పాతికేళ్ళ అమ్మాయి దిగింది, యూనిఫాంలో. నాన్న లేచి నిలబడ్డారు. భుజం మీది తువ్వాలు చంకలోకి వెళ్ళింది. నాకు గొంతు పట్టుకున్నట్టయింది. ఆ అమ్మాయికి అదేమీ తెలియదు. శుభోదయం చెప్పి, "నిప్పు పూర్తిగా ఆర్పారా?" అని మాత్రం అడిగింది.

నేను అనువదించేలోపే నాన్నకు అర్థమయింది. పొద్దున్నే లేచి, నీళ్ళు పోసి, పుల్లతో కలిపి, మళ్ళీ పోసి, బూడిదలో చెయ్యి పెట్టి చూసింది ఆయనే. నల్లబడిన అరచెయ్యి ఆమె ముందు చాచి, "చల్లగా ఉంది తల్లీ" అన్నారు తెలుగులోనే. ఆమె వంగి, తను కూడా బూడిదలో చెయ్యి పెట్టి చూసి, నవ్వి, తన అరచెయ్యి ఆయనకు చూపించింది. ట్రక్కు వెళ్ళిపోయాక నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

ఊరికి తిరిగి వెళ్ళాక, రచ్చబండ దగ్గర ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మడం లేదని ఫోనులో అన్నారు. నమ్మకపోయినా మళ్ళీ మళ్ళీ చెబుతూనే ఉన్నారట.

మీలో ఎవరైనా అటువైపు వెళితే, ముందుగా ఆ అడవి కార్యాలయానికి ఫోను చేసి, నిప్పు మీద నిషేధం ఉందో లేదో కనుక్కోండి. తాగే నీళ్ళకు తోడు, నిప్పు ఆర్పడానికి మరో రెండు గాలన్లు బండిలో వేసుకోండి.