నాకు దిగులు.. స్పానిష్‌లో!

కొత్త భాష నేర్పే యాప్‌లు ముందుగా పలకరింపులు, కాఫీ ఆర్డర్ చేయడం, స్టేషన్‌కి దారి అడగడం చెబుతాయి. దిగులు పడటం దగ్గరికి వచ్చేసరికి చాలా రోజులు పడుతుంది. కానీ ఊరు కాని ఊళ్లో ఉండేవాళ్లకి రోజూ అవసరమయ్యే మాట అదే. ఆఫీసు పని మీద మాడ్రిడ్ వచ్చాక నాకు బాగా దగ్గరైన స్పానిష్ క్రియ ‘ప్రెఓకుపార్’.

దీని లాటిన్ మూలానికి అర్థం ‘ముందే ఆక్రమించుకోవడం’. భలే సరిపోయింది కదూ! జరగాల్సింది ఇంకా జరగకముందే వచ్చి మనసులో తిష్ఠ వేసేదే కదా దిగులంటే.

ఇంగ్లిష్ మీడియం అలవాటు కొద్దీ మనం వాక్యాన్ని ‘నేను’తో మొదలుపెట్టాలని చూస్తాం. స్పానిష్‌లో ఎక్కువసార్లు దిగులు పెట్టే విషయమే కర్త. ‘మె ప్రెఓకూపా ఎల్ ఎక్సామెన్’ అంటే పరీక్ష నన్ను దిగులు పెడుతోందని. పరీక్షలు రెండైతే క్రియ కూడా ‘ప్రెఓకూపాన్’ అయిపోతుంది. ఇంగ్లిష్‌ని పక్కన పెట్టి తెలుగులో ఆలోచించండి, ఇట్టే తేలిపోతుంది. ‘నాకు దిగులుగా ఉంది’, ‘నాకు పరీక్షంటే భయం’ అంటాం కదా. ఆ ‘నాకు’ పక్కన ఈ ‘మె’ని కూర్చోబెడితే చాలు.

మనిషి గురించైతే ఇంకో రూపం ఉంది: ‘మె ప్రెఓకూపొ పోర్ మి పాద్రె’. నాన్న గురించి దిగులు పడుతున్నాను అని. ఇందులో దిగులే కాదు, ఆయన బాగోగులు నాకు ముఖ్యం అన్న అర్థం కూడా ఉంది. ధైర్యం చెప్పాలంటే స్నేహితుడితో ‘నో తె ప్రెఓకూపెస్’, పెద్దవాళ్లతో ‘నో సె ప్రెఓకూపె’. మన నువ్వు, మీరు లాగే.

పోయిన చలికాలంలో నాన్నకి గుండెలో స్టెంట్ వేశారు. డిశ్చార్జ్ అయ్యి ఇంటికొచ్చాక గానీ నాకు తెలియలేదు. ‘నువ్వు కంగారు పడతావని చెప్పలేదురా’ అంది అమ్మ. మర్నాడు లంచ్‌లో ఈ సంగతి చెబితే మా టీమ్‌లోని స్పానిష్ అమ్మాయి నెమ్మదిగా అంది: ‘నో కెరీయాన్ ప్రెఓకుపార్తె’. నిన్ను దిగులు పెట్టడం వాళ్లకి ఇష్టం లేక, అని. అచ్చం అమ్మ మాటే! పిల్లలు దూరంగా ఉన్న ప్రతి ఇంట్లో, ఏ భాషలోనైనా, ఈ వాక్యం ఉంటుందేమో.

అప్పుడు నా నోట్లోంచి తడుముకోకుండా వచ్చింది: ‘పెరో మె ప్రెఓకూపా మాస్ నో సబేర్’. కానీ తెలియకపోవడమే నన్ను ఎక్కువ దిగులు పెడుతుంది. అన్నాక అనిపించింది, ఇది వినాల్సింది ఈ అమ్మాయి కాదు కదా అని.

ఆ ఆదివారం అమ్మకి తెలుగులోనే చెప్పాను. ‘అమ్మా, నాకు తెలియకపోతేనే ఎక్కువ దిగులు. మంచైనా చెడైనా ఆ రోజే చెప్పు’. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత గొంతు తగ్గించి అంది: ‘అయితే విను. నాన్న రెండ్రోజుల నుంచి మాత్రలు వేసుకోవట్లేదు. కడుపులో మంటట. నీకు చెప్పొద్దన్నారు’.

‘ఫోన్ నాన్నకివ్వు’ అన్నాను. సాయంత్రానికల్లా డాక్టర్‌తో మాట్లాడి మాత్రలు మళ్లీ మొదలుపెట్టించాం. దిగులు తగ్గిందా అంటే లేదు. కానీ ఇప్పుడు అది ముగ్గురిదీ.