గోదావరి అడుగున

భద్రాచలంలో గోదావరిని అడుగుల్లో చెప్పుకుంటాం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన అది. ఇప్పుడు పక్కనే రెండోది కూడా వచ్చింది. చర్ల, దుమ్ముగూడెం అడవి ఊళ్ల నుంచి ఖమ్మం ఆసుపత్రికి వెళ్లే పేషెంటు ఇక్కడే నది దాటాలి.

అందుకే క్లాసులో బోర్డ్ పైల్స్ పాఠం మొదలైనప్పుడు నా బుర్రలో ఒకటే ప్రశ్న: ఇలాంటి నదిలో ఇవాళ పైల్ వేయాలంటే ఎలా?

పైల్ రెండు రకాలుగా బరువు మోస్తుంది. ఒకటి, చుట్టూ ఉన్న నేలతో రాపిడి. రెండు, అడుగున రాయి మీద ఆనిక. వరదలో స్తంభం చుట్టూ ఇసుక కోసుకుపోతుంది కాబట్టి, ఆ కోత లోతు వరకు ఉన్న రాపిడిని లెక్కలోంచి కొట్టేయాలి. పైగా అంతమేర పైల్‌కు పక్క నుంచి పట్టు ఉండదు, నీటి తోపుడుకు ఎక్కువ వంగుతుంది. అంటే మనం డిజైన్ చేసేది వేసవిలో నడిచి దాటే గోదావరికి కాదు, 75 అడుగుల గోదావరికి.

ఇంతవరకు కాగితం మీద పని. ఇక సైట్. 1.2 మీటర్ల వ్యాసం, 25 మీటర్ల లోతు అనుకుందాం. సుమారు 28 ఘనపు మీటర్ల కాంక్రీటు, ఆరు మీటర్ల మిక్సర్లు అయిదు. గొయ్యి గోడలు కూలకుండా బెంటోనైట్ ద్రవం నింపుతారు. తవ్వడం అయ్యాక ఇనుప పంజరం దించేలోగా బురద మళ్లీ అడుక్కి చేరుతుంది. దాన్ని కడిగేసి, బరువు కట్టిన టేపు దించి చూశాకే కాంక్రీటు మొదలెట్టాలి. ట్రెమీ పైపు అడుగుదాకా వెళ్తుంది. కాంక్రీటు కింద నుంచి పైకి పెరుగుతూ బెంటోనైట్‌ను బయటకు నెడుతుంది. పైపు మూతి ఎప్పుడూ కాంక్రీటులో మునిగే ఉండాలి. ఒక్కసారి బయటికొస్తే మధ్యలో బురద పొర పడిపోతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

దిగువన పోలవరంలో డయాఫ్రమ్ వాల్ కూడా దాదాపు ఇదే పద్ధతి. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది ఆ ప్రాజెక్టు కోసమే. వరదలకు ఆ గోడ దెబ్బతింటే, ఎంత దెబ్బతిన్నదో తేల్చడానికే ఏళ్లు పట్టింది. 2025 జనవరిలో 1.5 మీటర్ల మందంతో కొత్త గోడ మొదలెట్టారు. నేల కింద జరిగిన నష్టానికి పైపూత రిపేర్లు పనికిరావు.

ఐఎస్ 2911 చూసి ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ 2.5 అని రాసేస్తాం. దాంతో అన్నీ కవర్ అయిపోతాయని మనలో చాలామంది ధీమా. అది నేల గురించి మనకు తెలియనిదాని కోసం పెట్టుకున్న జాగ్రత్త. మనం తెలిసి వదిలేసిన బురద కోసం కాదు. లోడ్ టెస్టు చేసేది కూడా కొన్ని పైల్స్‌కే.

రేపు మనలో కొందరం ఆ గొయ్యి పక్కన నిలబడతాం. రాత్రి రెండవుతుంటుంది, మిక్సర్లు లైన్లో ఉంటాయి, పై నుంచి ఫోన్లు వస్తుంటాయి. టేపు దించిన కూలీ అన్న "సార్, ఇంకా బురద తగుల్తోంది" అంటాడు. అప్పుడు మిక్సర్లు ఆపి, మళ్లీ కడిగించాలి.