ఒంటరిగా పోయివచ్చిన చెల్లెలు

పయనమై పోవువారికి మూట కట్టి యిచ్చుట మనమందఱము ఎఱుగుదుము. తిరిగివచ్చినవారిని ఎట్లు లోనికి పిలువవలెనో మేము ఇటీవలనే నేర్చుకొంటిమి. అదియును మాకంటె పదేండ్లు చిన్నదియగు చెల్లెలివలన నేర్చుకొంటిమి. ఆ సంగతి మీతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా చెల్లెలు తల్లిలేని పిల్ల. ఇబ్రహీంపట్నమున మా యింటనే పెరిగినది. మావారు ఉపాధ్యాయులు, ఆమెకు అక్షరములు దిద్దించినది వారే. పిల్ల చదువులో ముందునకు పోయి, కొరియాదేశమున డేజొన్ నగరమందు రెండేండ్లు పరిశోధనవిద్య సాగించినది. 2024 నవంబరు నెలలో, ఇల్లు చేరుటకు వారము ముందు, “అక్కా! పట్టణము తప్ప ఈ దేశమున నేనేమియు చూడలేదు. నాలుగు దినములు పల్లెలు తిరిగి వచ్చెదను” అని ఫోనులో చెప్పినది. తోడెవ్వరంటిమి. ఎవ్వరును లేరనినది. మేము వలదంటిమి. అత్తగారును వలదనిరి. మావారు మాత్రము, “త్రోవలు కనుగొని పోవమ్మా. రాత్రిపూట తప్పక మాటాడుచుండుము” అనిరి.

మొదటినాడు ఆమె గ్యోంగ్జు నగరము చేరినది. ఇంచుమించు వేయేండ్లు సిల్లారాజులకు అదియే రాజధాని. ఊరినడుమ గడ్డి కప్పిన గుట్టలవలె ఆ రాజుల సమాధులు నేటికిని ఉన్నవట. ఆ రాత్రి ఆమె మాకొక కథ చెప్పినది. ఆ సిల్లాదేశపు భిక్షువు హ్యేచో యనునాయన క్రీ.శ. 8వ శతాబ్దమున చీనామీదుగా మన దేశమునకు వచ్చి దక్షిణాపథమును సైతము చూచెను. నాగార్జునాచార్యునితో సంబంధముగల యొక కొండవిహారమును గూర్చి వ్రాసెను. అది యే కొండయో పండితులలో ఏకాభిప్రాయము లేదు. అయినను మా యూరి సాగరురోడ్డు నాగార్జునకొండవైపునకే పోవును గనుక, ఆ పేరు వినగానే ఆయన మా పొరుగువాడైనట్లు తోచినది. ఈ దక్షిణమందే ఆయన, తన యూరికి కబురు కొనిపోవువారు లేరని చింతించుచు ఒక పద్యము చెప్పుకొనెనట. ఆయన గ్రంథపు ప్రతి 1908లో డున్హువాంగ్ గుహలయందు దొరకినది. ఆయన మాత్రము మరల ఇల్లు చేరలేదు. చీనాయందే తనువు చాలించెను.

రెండవనాడు గయాపర్వతముపైనున్న హేయిన్సా యను బౌద్ధాలయము. 13వ శతాబ్దమున త్రిపిటకములను చెక్కిన కొయ్యపలకలు 81,258 అచ్చట భద్రముగానున్నవి. వాటినుంచిన భవనములకు పైన నొక కొలత, క్రింద నొక కొలతగా కిటికీలు పెట్టి, గాలి తానే ఆడునట్లు చేసిరి. మన తాళపత్రములు ఎన్ని పురుగులపాలయ్యెనో తలచుకొని మావారు నిట్టూర్చిరి. ఆలయపు వంటలో ఉల్లి వెల్లుల్లి లేవనగానే అత్తగారికి ఆ దేశముపై కొంత గౌరవము కలిగినది.

మూడవనాటి సాయంకాలము ఆమె ఫోను పలుకలేదు. సియోలు నగరమున, 1907లో లెక్కలు మొదలిడినది లగాయతు నవంబరునెలలో ఇంతటి మంచు కురియలేదని ఆనాడే వార్తలలో చెప్పుచుండిరి. ఆమెయున్నది దక్షిణమున, సియోలునకు చాల దూరము. అయినను భయమునకు భూగోళశాస్త్రము తెలియదు గదా! వారి గడియారము మనకంటె మూడున్నర గంటలు ముందు. మాకు దీపములు పెట్టు వేళకు వారికి రాత్రి తొమ్మిదిన్నర. అత్తగారు తులసికడ కార్తికదీపము పెట్టి అచ్చటనే కూర్చుండిరి. మావారు వాకిటికిని వీధికిని తిరుగుచుండిరి. ఆ రాత్రి మా పొయ్యి వెలుగలేదు.

తెల్లవారుచుండగా తెలియని సంఖ్యనుండి ఆమె గొంతు వినబడినది. కడపటి పల్లెబస్సు తప్పిపోయినది. ఫోను రాతిమీద పడి పగిలినది. చీకటిలో దీపము కనబడిన యింటికి పోయినది. అచ్చట డెబ్బదియేండ్లు దాటిన అవ్వలు కిమ్జాంగు పనిలో నుండిరి. చలికాలమునకు సరిపడు కిమ్చిని ఇరుగుపొరుగు స్త్రీలు కలిసి ఒక్కమారుగా పెట్టుకొనుటను అట్లందురు. ఉప్పులో నానిన క్యాబేజీ ఆకు ఆకునకు కారము పట్టించుట. మన ఆవకాయనాటి సందడి వంటిదే. ఏ యూరు, ఎవరి పిల్లవని అడుగకమున్నే చేతితొడుగులిచ్చి ఆమెను పంక్తిలో కూర్చుండబెట్టిరి. చేపలు తినదని తెలిసికొని, చేపల ఉప్పునీరు కలుపక కొన్ని ఆకులు వేరుగా తీసిరి. క్రిందినుండి వెచ్చచేసిన నేలమీద పడుకబెట్టిరి. ఉదయమున ఒక అవ్వ మనుమడు తన ఫోనిచ్చినాడు.

అది విని మాకు భారతములోని దమయంతి జ్ఞప్తికి వచ్చినది. అడవిలో ఒంటరియై, వర్తకులవెంట చేదిపురము చేరిన ఆమెను రాజమాత మేడపైనుండి చూచి పిలిపించి ఆశ్రయమిచ్చెను. మలిన వస్త్రమును చూచి వెలివేయలేదు.

డిసెంబరు 1వ తేదీ, ఆదివారము, చెల్లెలు శంషాబాదులో దిగినది. ఆనాడు అమావాస్య. అమావాస్యనాడు రాకయేమని గొణిగిన అత్తగారే బొంగుళూరు దాటితిమని కబురు వినగానే ఎఱ్ఱనీళ్ల పళ్లెముతో గడపలో నిలిచిరి.

ఇంక మా తప్పు చెప్పవలెను. వారము తిరుగకమున్నే పెండ్లివారు పిల్లను చూడవచ్చిరి. మేము చెల్లెలిని వంటయింటిలోనికి పిలిచి, “ఒంటరిగా తిరిగిన సంగతి ఎత్తకుము. అడిగినచో స్నేహితురాండ్రతో పోయితినని చెప్పుము” అంటిమి. ఆమె కోపపడలేదు. “అక్కా! ఆ అవ్వలు నన్నేమియు అడుగలేదు. నీవు దాచుమనుచున్నావు. దాచవలసిన పని నేనేమి చేసితిని?” అనినది.

మా చేతిలోని టీపళ్లెము బరువెక్కినది. సీతాదేవి తిరిగివచ్చినపుడు లోకము ప్రశ్నలడిగినది. దమయంతి తిరిగివచ్చినపుడు పుట్టిల్లు చేతులు చాచినది. రెండు కథలను చిన్ననాటనే చదివియుండియు, మేము ఏ పక్షమున నిలిచితిమి? అడవులలో లేని అపాయము మా వంటయింట నున్నదే!

టీ ఇచ్చుచు మేమే ఆ ప్రస్తావన తెచ్చితిమి. నాలుగు దినములు ఒంటరిగా తిరిగినదని, బస్సు తప్పి అవ్వల యింట పండుకొన్నదని, దాచక చెప్పితిమి. పెండ్లికుమారుని తల్లి కప్పు క్రింద నుంచినది. వారు మర్యాదగనే సెలవు తీసికొనిరి. నేటివరకు కబురు లేదు. ఆ రాత్రి అత్తగారు మాతో, “చెప్పినదే మేలు. దాచి పంపిన పిల్ల అత్తవారింట జన్మమంతయు దాగియే యుండవలెను” అనిరి.

అమ్మలారా! హ్యేచోకు తెలియని త్రోవలు నడచు ధైర్యము కలదు. ఇల్లు చేరు భాగ్యము మాత్రము లేకపోయెను. మన పిల్లలకు ఆ భాగ్యము కలదు. అది మన గడపలోనే యున్నది. పోయివచ్చిన పిల్లను మొదట అడుగవలసినది “తోడెవ్వరు?” అని కాదు, “అన్నము తింటివా?” అని. మేము ఆ మాట ఒక వారము ఆలస్యముగా నేర్చుకొంటిమి. మీరట్లు ఆలస్యము చేయవలదు.