నింద టేస్టింగ్ సాల్ట్‌ది, దడ పిన్నిగారిది

మా ఇంటికీ పక్కింటి పిన్నిగారింటికీ మధ్య ప్రహరీ నా భుజమంత ఎత్తుంటుంది. అటువైపు ముద్దమందారం, ఇటువైపు మా చాకిరేవు బండ. ఆవిడ పూజకి పూలు కోసుకునే వేళకి నేను ఆ బండమీద కూర్చుని కాఫీ తాగుతుంటాను. కాలనీలో ఎవరింట్లో ఏం జరిగినా ఆ పావుగంటలో గోడ దాటాల్సిందే.

ఆ రోజు పిన్నిగారు పూలసజ్జ గోడమీద పెట్టి, ఎడంచెయ్యి నా ముందుకి చాచారు.

"నాడి చూడవే అమ్మాయ్. రాత్రల్లా ఒకటే దడ. నాలుగుసార్లు సరిగ్గా కొట్టుకుంటుంది, అయిదోది మింగేస్తుంది. ఆ వెంటనే లోపల్నించి ఒక్క గుద్దు గుద్దుతుంది."

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. మా వీధిలో సైన్సు చెప్పేవాళ్ళంతా సగం డాక్టర్లే. మణికట్టు మీద వేలు పెట్టాను. టక్, టక్, టక్... ఖాళీ. తర్వాత ధబ్. నిజమే, ఆవిడ చెప్పినట్టే ఉంది.

"ఇదంతా ఆ టేస్టింగ్ సాల్టు చేసిన పనే. ఆదివారం మనవడు బండి మీంచి నూడుల్సు తెస్తే రెండు చెంచాలు నోట్లో వేసుకున్నాను. ఆ చైనావాళ్ళ ఉప్పు మన ఒంటికి పడుతుందా?"

"చైనావాళ్ళది కాదు పిన్నిగారూ, జపాన్ వాళ్ళది" అన్నాను. పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది! 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు వేసి కాచిన చారు అంత రుచిగా ఎందుకుంటుందా అని వెతికి, అందులోంచి గ్లుటమేట్‌ని పట్టుకున్నాడు. దాన్ని సోడియంతో కలిపితే వచ్చిన పొడే అజినొమోటో. పాకెట్ మీద ఐఎన్ఎస్ 621 అని రాస్తారు. అదే గ్లుటమేట్ బాగా పండిన టమాటాలోనూ ఉంటుంది. పిన్నిగారి టమాటా చారుకి కాలనీలో పేరు రావడంలో దాని వాటా కూడా ఉంది.

ఈ పొడిమీద నింద ఎలా పడిందో అది ఇంకో కథ. 1968లో అమెరికాలో రాబర్ట్ హో మన్ క్వాక్ అనే డాక్టరు ఒక పెద్ద వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు. చైనీస్ హోటల్లో తిన్నప్పుడల్లా మెడ వెనక తిమ్మిరి, నీరసం, గుండెదడ వస్తున్నాయని. సోయా సాసా, వంటలో పోసే సారాయా, ఎక్కువైన ఉప్పా, ఈ పొడా అని అందరినీ కలిపే అనుమానించాడు పాపం. జనం మిగతావాళ్ళనందరినీ వదిలేసి పొడినొక్కదాన్నీ బోనెక్కించారు. ఆ తర్వాత, మాకు ఇది పడదు అని గట్టిగా చెప్పుకున్న 130 మందికి, ఏది ఇస్తున్నారో చెప్పకుండా, ఒకసారి అయిదు గ్రాముల అసలు పొడి, ఇంకోసారి ఉత్తిది ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2000లో వచ్చాయి. మళ్ళీ మళ్ళీ ఇచ్చి చూసినా ప్రతిసారీ అవే బాధలు చెప్పినవాళ్ళు దాదాపు లేనట్టే. పైగా మామూలుగా ఒక ప్లేటులో కలిపేది అర గ్రాము కూడా ఉండదు. పిన్నిగారు తిన్నవి రెండు చెంచాలు.

(బండి నూడుల్సుని వెనకేసుకొస్తున్నానని మాత్రం అనుకోకండి. అందులో ఉప్పు, మరిగి మరిగి నల్లబడ్డ నూనె సంగతి వేరే మాట్లాడుకోవాలి.)

"అయితే నీ చేతిలో గ్లాసుందే, అది?" అన్నారు పిన్నిగారు.

కాఫీ విషయంలో నేను పక్షపాతినని ముందే ఒప్పుకుంటున్నాను. అయినా లెక్కలు నావైపే ఉన్నాయి, చాలామటుకు. 2023లో ఫలితాలు వచ్చిన ఒక పరీక్షలో, అమెరికాలో వంద మందికి రోజూ పొద్దున్నే ఫోనుకి మెసేజ్ పంపేవారట, ఇవాళ తాగండి, ఇవాళ మానండి అని. పధ్నాలుగు రోజులు ఒంటికి యంత్రం తగిలించి చూస్తే, గుండె పైగదుల్లో వచ్చే అదనపు కొట్టుకోళ్ళు తాగినా తాగకపోయినా ఇంచుమించు ఒక్కటే. కింది గదుల్లో మాత్రం తాగని రోజు 102 అయితే తాగిన రోజు 154. ఒంటికి పడనివాళ్ళు కొందరు ఉంటారన్నమాట. ఇక ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని, గుండె పైగదులు లయ పూర్తిగా తప్పి వణికిపోయే జబ్బు. దానికి వైద్యం చేసి లయ సరిచేశాక, రెండు వందల మందిని రెండు జట్లు చేసి ఆరు నెలలు చూశారు. కాఫీ మానేసినవాళ్ళలో 64 శాతానికి మళ్ళీ వచ్చింది, తాగినవాళ్ళలో 47 శాతానికే.

వరండాలో పేపరు వెనకనించి బాబాయిగారు అందుకున్నారు. "విన్నావుటే? నా కాఫీకి కొలత పెడతావుగా!"

"మీరు మొన్న పెళ్ళిలో పుచ్చుకున్నది కాఫీయేనా?" అన్నారు పిన్నిగారు.

అసలు దోషి దగ్గరికి ఆవిడే తీసుకొచ్చారు. పండగలకీ పార్టీలకీ బాగా తాగి, మర్నాడు గుండె గాడి తప్పి ఆసుపత్రికి వచ్చేవాళ్ళని చూసి 1978లోనే అమెరికన్ డాక్టర్లు దానికి 'హాలిడే హార్ట్' అని పేరు పెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు ఆ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ళనే అడిగారు, మీకు దేనివల్ల వస్తోందనుకుంటున్నారో మీరే ఎంచుకుని పరీక్షించుకోండి అని. ఎక్కువమంది ఎంచుకున్నది కాఫీ, టీలలో ఉండే కెఫీన్‌ని. తీరా చూస్తే దానికీ దడకీ సంబంధం తేలలేదు. నిలకడగా దొరికిపోయింది మద్యం ఒక్కటే. ఆస్ట్రేలియాలో ఆ జబ్బున్నవాళ్ళనే రెండు జట్లు చేసి చూస్తే, మద్యం మానేసిన జట్టులో 53 శాతానికి తిరగబెడితే, మానని జట్టులో 73 శాతానికి తిరగబెట్టింది.

పేపరు వెనకనించి మళ్ళీ మాట వినపడలేదు. పేజీ తిప్పిన చప్పుడు మాత్రం వచ్చింది.

కబుర్లతో దడ తగ్గదుగా! ఆ సాయంత్రమే ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఈసీజీలో అదనపు కొట్టుకోళ్ళు కనపడ్డాయి. రక్తపరీక్షలో పొటాషియం 2.9 వచ్చింది. 3.5కి పైన ఉండాలి. గుండె కండరం కొట్టుకునేది ఈ లవణాల లెక్కమీదే. లెక్క తప్పితే తాళం తప్పుతుంది.

"బీపీకి ఏం వాడుతున్నారు?" అని అడిగారు డాక్టరు. ఒంట్లో నీరు తీసే నీటిమాత్ర కలిసిన బిళ్ళ. ఒంట్లోంచి పొటాషియాన్ని లాగేసే రకమే, కానీ ఆరేళ్ళనించీ అదే బిళ్ళ, ఎప్పుడూ ఇంత పడిపోలేదు. "ఇంకేమైనా తీసుకుంటున్నారా?" "అబ్బే, ఇంకేమీ లేదండీ."

మర్నాడు పొద్దున్న గోడమీద పూలసజ్జ పక్కన ఒక ఇత్తడి గ్లాసు కనపడింది. పసుపుపచ్చ నీళ్ళు, అడుగున నారలాంటి పీచు. వాసన చూశాను. తియ్యటి వేరు వాసన.

"ఏంటిది పిన్నిగారూ?"

"అతిమధురం కషాయమే. కార్తీకమాసంలో భజనలకి గొంతు బొంగురుపోయింది కదా, అప్పట్నించీ రెండుపూటలా. గొంతు ఎంత తేటపడిందో!"

"మరి నిన్న డాక్టరు అడిగితే ఏమీ లేదన్నారే?"

"మందులడిగారు గానీ కషాయం అడగలేదుగా!"

కార్తీకం వెళ్ళి రెండు నెలలు. నేను ఆ బండమీదే కూలబడ్డాను. మన ఆడవాళ్ళ లెక్కలో కషాయం మందూ కాదు, తిండీ కాదు. గిట్టనిదాన్ని అనుమానిస్తాం, నమ్మినదాన్ని లెక్కలోకే తీసుకోం.

ఆ వేరులో గ్లిసరైజిన్ అనే పదార్థం ఉంటుంది. ఉప్పుని పట్టి ఉంచి పొటాషియాన్ని బయటికి పంపమని మూత్రపిండాలకి చెప్పే హార్మోను ఒకటుంది. కార్టిసాల్ అనే ఇంకో హార్మోను కూడా అదే తలుపు తట్టగలదు. అది చొరబడకుండా ఒక ఎంజైము కాపలా కాస్తుంది. అతిమధురం ఆ కాపలావాణ్ణి నిద్రపుచ్చుతుంది. ఇక బీపీ పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. అటు నీటిమాత్ర, ఇటు కషాయం, రెండువైపుల నించీ తోడేశాయి. అమెరికాలో ఈ వేరు రసంతో నల్లటి మిఠాయి చేస్తారు. నలభై దాటినవాళ్ళు రోజుకి 56 గ్రాములు చొప్పున రెండు వారాలు తింటే గుండె లయ తప్పి ఆసుపత్రి పాలవ్వొచ్చని అక్కడి ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. మసాచుసెట్స్‌లో యాభై నాలుగేళ్ళాయన వారాల తరబడి రోజుకి ఒకటిన్నర పాకెట్ తిని, హోటల్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కూలిపోయాడు, ప్రాణం దక్కలేదు. 2020లో వైద్య పత్రికలో వచ్చింది.

వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాను. కషాయం ఆపించి, బీపీ బిళ్ళ మార్చి, పొటాషియం సిరప్ రాశారు. ఆ సిరప్ తాగేటప్పుడు పిన్నిగారి మొహం చూడాలి! "ఇంతకంటే టేస్టింగ్ సాల్టే నయమే" అన్నారు.

బాబాయిగారు ఉత్సాహపడి, పొటాషియమే కదా అని సూపర్‌మార్కెట్ నించి లో సోడియం ఉప్పు పట్టుకొచ్చారు. అందులో సగానికి సగం పొటాషియం క్లోరైడ్ ఉండొచ్చు. ఆయనకి షుగరు, కిడ్నీ కూడా కాస్త దెబ్బతింది. కిడ్నీ సరిగ్గా పనిచెయ్యనివాళ్ళకి పొటాషియం ఒంట్లోనే పేరుకుపోతుంది. ఎక్కువైనా గుండెకి అంతే ముప్పు, కొబ్బరిబోండాలు కూడా లెక్కగానే తాగాలి. ఆ పాకెట్ గోడమీంచి ఇటు తీసేసుకున్నాను.

అప్పట్నించీ పిన్నిగారు వెంకట్రామా క్యాలెండర్లో పాలలెక్క పక్కనే దడలెక్క కూడా రాస్తున్నారు. వచ్చిన రోజు సున్నా, పక్కన ఆ రోజు తిన్నవి, తాగినవి. కషాయంతో సహా. మీరూ రాసుకోండి, డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళండి. దడతో పాటు కళ్ళు తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరాడకపోయినా మాత్రం కాగితమూ కలమూ వెతక్కండి, 108కి ఫోన్ చెయ్యండి.

మూడు వారాలకి పొటాషియం 4.1 అయింది. ఈ నెల పేజీలో సున్నాలు రెండే. మిగిలిన అతిమధురం పొట్లం మా ఇంట్లో పోపులపెట్టె వెనక ఉంది, పిన్నిగారికి అందకుండా.