డి ఉన్న బిళ్లా, డి లేని బిళ్లా?

"ఏంటి వదినా, తెల్లారకముందే పీటెక్కి తొంగిచూస్తున్నావు?"

"మీ అన్నయ్యకి రాత్రి తిన్న గారెలు ఇంకా గొంతులోనే ఉన్నాయట. పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్లలు అయిపోయాయి. నీ దగ్గరుంటే ఒకటి ఇద్దూ."

"డి ఉన్నదా, డి లేనిదా?"

"డి అయితేనేం, ఢీ అయితేనేం! గ్యాస్ పోతే చాలు."

"అట్లా అంటే ఎట్లా? మందుల కొట్లో పనిచేసినదాన్ని, నా మాట విను. ఆ ఖాళీ పట్టీ ఇటివ్వు. ఇదిగో, వెనకాల చూడు: పాంటోప్రజోల్ 40, డోంపెరిడోన్ 30 మిల్లీగ్రాములు. మొదటిది యాసిడ్ తగ్గిస్తుంది. రెండోదే ఆ డి. కడుపుని కదిలించి తిన్నదాన్ని కిందికి తోస్తుంది, వికారం, వాంతి ఆపుతుంది. తిండికి ముందు వేసుకోమనేది అందుకే."

"మంచిదేగా మరి?"

"అవసరానికి మంచిదే. కానీ కొందరికి గుండె లయ తప్పిస్తుంది. అందుకే 2014లో యూరప్ మందుల సంస్థ దీనికి కళ్లెం వేసింది. వికారం, వాంతికే వాడాలి, పెద్దవాళ్లకి పూటకి 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు మించొద్దు, మామూలుగా వారం దాటొద్దు అంది. 60 దాటినవాళ్లకి ముప్పు ఎక్కువ. అమెరికాలో అయితే అసలు అమ్మకానికి అనుమతే లేదు."

"అమ్మో! మీ అన్నయ్యకి అరవై నాలుగు. దసరా నుంచి రోజూ కాఫీకి ముందు ఇదే. కొట్లో ఎవరూ చీటీ అడగలేదే!"

"అడగాలి. చీటీ ఉంటేనే అమ్మాలని పట్టీ మీదే రాసుంది. ఇంతకీ తామరకని అన్నయ్యగారు ఏదో మాత్ర వాడుతున్నారన్నావే, ఏంటది?"

"ఫ్లూకోనజోల్ అనుకుంటా."

"నయం, ఇప్పుడైనా చెప్పావు. ఆ రెండూ కలిపి వేసుకోకూడదు. డోంపెరిడోన్ ఒంట్లోంచి త్వరగా పోకుండా అది అడ్డుపడుతుంది, గుండెకి ముప్పు పెరుగుతుంది. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌తోనూ ఇదే తంటా. పైగా అన్నయ్యగారికి షుగరాయె. ఏళ్ల తరబడి షుగరుంటే కడుపు నరాలు దెబ్బతిని తిన్నది ముందుకి కదలదు ఒక్కోసారి. దాన్నీ గ్యాసే అనుకుంటే ఎట్లా?"

"అయితే ఒక్కటీ ఇవ్వవా?"

"కరివేపాకు అడుగు, రెమ్మలు రెమ్మలు ఇస్తా. చీటీ మందు మాత్రం ఇవ్వను. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకెళ్లి ఇవాళే డాక్టరుకి చూపించండి. గుండె దడ, స్పృహ తప్పడం లాంటివి ఉంటే మాత్రం డాక్టరు టైము కోసం చూడకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లిపోండి."