ఇద్దరి కోసం అనుకొన్న ప్రయాణం

"మేము" అని వ్రాస్తున్నాము గాని, బ్యాంకాక్ వెళ్ళినది ఒక్కరమే. 36 సంవత్సరాల కాపురంలో ఎవరు ఏమి అడిగినా "మేము వస్తాము", "మేము తిన్నాము" అని చెప్పడం అలవాటైన నోరు ఇది. మావారు కన్నుమూసి రెండేళ్ళు దాటినా ఆ మాట మారలేదు. పాఠకులు మన్నించాలి.

ఇద్దరమూ ఉపాధ్యాయులమే. రిటైరైన తరువాత ఒక్కసారైనా విదేశం చూడాలని మావారి కోరిక. చిన్న నోటుపుస్తకంలో బ్యాంకాక్‌లో చూడవలసిన 14 చోట్లు వరుసగా వ్రాసిపెట్టుకొన్నారు. పాస్‌పోర్టులు కూడా తీసికొన్నాము. ఇంతలోనే ఆయన వెళ్ళిపోయారు. గత డిసెంబరులో బీరువా సర్దుతుండగా ఆ పుస్తకం చేతికి దొరికింది. వెళ్ళివస్తామని చెప్పేసరికి అబ్బాయి, "అరవై మూడేళ్ళ వయసులో ఒంటరిగా ఎందుకమ్మా, సెలవు దొరికితే నేను తీసికెళ్తాను గదా" అన్నాడు. వాడికి సెలవు దొరికేది ఎప్పుడో మాకు తెలుసు. అమ్మాయి మాత్రం, "వెళ్ళమ్మా, రోజూ ఫోను చెయ్యి" అన్నది.

హైదరాబాదు నుండి మూడున్నర గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు. దిగిన విమానాశ్రయం పేరు సువర్ణభూమి. పరాయి దేశంలో మొట్టమొదట చదివిన పేరే మన పేరు కావడంతో గుండె కొంచెం కుదుటపడింది. అక్కడి నుండి రైలులో ఫయా థాయ్ అనే స్టేషను వరకు వెళ్ళి, రోడ్ల పైన వంతెన మీద నడిచే మరో రైలెక్కి, చావో ఫ్రయా నది ఒడ్డున ఉన్న మా బసకు చేరాము. కౌంటరులో అమ్మాయి రెండు చేతులూ జోడించి "సవాదీ ఖా" అన్నది. ఆ మాట సంస్కృతంలోని "స్వస్తి" నుండి వచ్చినదట. మేమూ చేతులు జోడించాము. ఆ నమస్కారం ఒక్కటీ మాకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

మొదటి రోజు మేము చేసిన పొరపాటు చెప్పాలి. మావారి జాబితా అంతా మూడు రోజులలో ముగించాలని, అది ఆయనకు తీర్చవలసిన బాకీ అన్నట్లు, తెల్లవారుతూనే పరుగు మొదలుపెట్టాము. 1782లో కట్టడం ఆరంభించిన రాజప్రాసాదం, అక్కడి ఆలయపు వరండా గోడల మీద రామాయణ కథను చూపించే 178 చిత్రాలు, ఆ ప్రక్కనే వాట్ ఫోలో 46 మీటర్ల పొడవున పవళించిన బుద్ధ విగ్రహం, అన్నీ మధ్యాహ్నంలోపే చూచాము. నిజం చెప్పాలంటే చూడలేదు, పుస్తకంలో టిక్కులు పెట్టాము. మోకాళ్ళు పీకుతున్నాయి. చెట్టు నీడలో అరుగు మీద కూలబడితే, "ఎలా ఉన్నది?" అని అడిగే మనిషి ప్రక్కన లేడన్న సంగతి ఒక్కసారిగా తెలిసివచ్చింది. ముఖానికి కొంగు అడ్డుపెట్టుకొని ఏడ్చాము. తరువాత నోటుపుస్తకం సంచిలో అడుగుకు పెట్టేశాము.

రెండవ రోజు ఏ పనీ పెట్టుకోలేదు. ఆలస్యంగా లేచి, సందు చివర బండి దగ్గర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాము. కోడి ఉడికించిన నీళ్ళలోనే వండిన అన్నం, దాని మీద మెత్తని కోడి ముక్కలు, ప్రక్కన అల్లం మిరప పచ్చడి. "ఖావ్ మన్ కై" అంటారు. "మై ఫెట్" అంటే కారం వద్దని అర్థం. గుంటూరు మనిషి నోట ఆ మాట వచ్చినందుకు మాకే నవ్వు వచ్చింది. ఆఫీసులకు పరుగెత్తేవాళ్ళు, మోటారు సైకిలు మీద బడికి వెళ్ళే పిల్లలు, రోడ్డంతా హడావిడి. ఆ హడావిడిలో తొందర లేనివాళ్ళము మేమొక్కరమే.

సాయంత్రం పాక్ ఖ్లోంగ్ తలాత్ అనే పూల మార్కెట్టు చూద్దామని పడవ ఎక్కాము. అక్కడి పడవలకు రంగు రంగుల జెండాలుంటాయి. జెండాను బట్టి అది ఆగే రేవులు మారతాయి. మేము జెండా చూడకుండా ఎక్కాము. పూల మార్కెట్టు దాటిపోయింది, వంతెనల క్రింద నుండి పడవ సాగిపోతూనే ఉన్నది. చివరకు నొంతబురి అనే ఊరి రేవులో అందరితోపాటు దిగాము. చీకటి పడుతున్నది. చూస్తే ఫోనులో ఛార్జింగు లేదు. బస పేరు చెబితే మా ఉచ్చారణ ఎవరికీ అర్థం కాలేదు. చేతులు వణికాయి. అబ్బాయి చెప్పినదే నిజమైంది గదా అనుకొన్నాము.

రేవు ప్రక్కన జామకాయలు అమ్మే ఆమె మా ముఖం చూచి, ఏమీ అడగకుండా స్టూలు జరిపింది. కోసిన జామ ముక్కలకు ఉప్పు, కారం, పంచదార కలిపిన పొడి అద్ది చేతిలో పెట్టింది. డబ్బు ఇవ్వబోతే తీసికోలేదు. తరువాత యూనిఫారంలో వెళ్తున్న ఒక విద్యార్థినిని కేకవేసి పిలిచింది. ఆ పిల్లకు కొద్దిగా ఇంగ్లీషు వచ్చు. మాటల మధ్య, ఏమి చేసేవారని అడిగింది. "టీచరు" అన్నాము. "ఓ, ఖ్రూ!" అని వెంటనే తల వంచి నమస్కరించింది. గురువు అన్న మాటే అక్కడ "ఖ్రూ" అయినది. గది తాళంచెవి బిళ్ళ మీద ఉన్న పేరు చదివి, టాక్సీ ఆపి, డ్రైవరుకు దారి చెప్పి ఎక్కించింది. ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లల చేత చేతులు కట్టించుకొన్నాము గాని, ఆ నమస్కారానికి కలిగినంత నిండుదనం ఎన్నడూ కలుగలేదు.

ఆ రాత్రి అమ్మాయికి ఫోనులో జరిగినదంతా చెప్పాము. భయపడుతుందనుకొంటే, "అమ్మా, నాన్న పోయాక నువ్వు ఇంత ఉత్సాహంగా మాట్లాడటం ఇదే మొదటిసారి" అన్నది. అప్పుడు మాకు ఒక సంగతి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆయన లేకుండా సంతోషించడం ఆయనకు చేసే ద్రోహమన్నట్లు మమ్మల్ని మేమే కట్టేసుకొన్నాము. అలా ఉండమని ఆయన ఎన్నడూ కోరలేదు. ఆయన కోరినది ఆ నోటుపుస్తకంలో ఉన్నది.

మూడవ రోజు సాయంత్రం లుంఫినీ పార్కులో చెరువు గట్టున కూర్చున్నాము. మనిషంత పొడవు ఉడుములు నీళ్ళలో నుండి వచ్చి గడ్డి మీద పాకుతుంటే ఎవరూ బెదరడం లేదు, వాటినీ ఎవరూ తరమడం లేదు. సరిగ్గా ఆరు గంటలకు మైకులో వారి జాతీయగీతం మ్రోగింది. పరుగెత్తేవాళ్ళు, వ్యాయామం చేసేవాళ్ళు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. మేమూ లేచి నిలబడ్డాము. అంత పెద్ద నగరం ఒక్క నిమిషం ఆగింది. గీతం ముగియగానే మళ్ళీ అందరూ పరుగందుకొన్నారు. దుఃఖం వచ్చినప్పుడు ఆగడం తప్పు కాదు. ఆగిపోయి ఉండనక్కరలేదు.

నోటుపుస్తకంలో ఇంకా తొమ్మిది చోట్లు మిగిలాయి. మిగలనిచ్చాము.

మా వలె ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు ఎన్నో ఇళ్ళల్లో ఉన్నారు. బిడ్డలారా, వారు ఎక్కడికైనా వెళ్తామంటే "ఈ వయసులో ఎందుకు" అనకండి. బస చిరునామా ఆ ఊరి భాషలో వ్రాసి ఇవ్వండి, ఫోనుకు ఛార్జింగు చూడమనండి, ధైర్యంగా సాగనంపండి. పెద్దలారా, తొందర పడకండి. రోజుకు ఒక చోటు చాలు. పడవ ఎక్కేటప్పుడు మాత్రం జెండా చూచుకోండి.